ఓడదొంగలకు హద్దుల్లేవు, పోలీసులకు ఉన్నాయి: ‘రీక్యాప్’ ఒప్పందం అంటే ఏమిటి?

పైరసీ అనగానే మన ఇళ్ళల్లో ముందు గుర్తొచ్చేది కొత్త సినిమా రిలీజైన రోజే ఫోన్లోకి వచ్చేయడం. ఆ మాటకు అసలు అర్థం వేరు. సముద్రం మీద ఓడల్ని ఆపి, మనుషుల్ని బెదిరించి దోచుకోవడాన్ని పైరసీ అంటారు. ఉర్దూలో బహ్రీ ఖజ్జాఖీ, మన తెలుగులో ఓడదొంగల పని.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సముద్రం మొహం చూడకుండానే జీవితం గడిపేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు పండించిన పంట మాత్రం సముద్రం దాటి వెళ్తుంది. గుంటూరు యార్డులో కాటా అయిన తేజా మిర్చి టిక్కీలు చైనాకు, థాయ్‌లాండ్‌కు, మలేసియాకు, ఇండోనేసియాకు పోతాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చైనాకు పోతుంది. జిన్నింగ్ మిల్లుల పత్తి బేళ్ళకు బంగ్లాదేశ్ పెద్ద గిరాకీ. చెన్నై వైపు నుంచో విశాఖ నుంచో బయల్దేరి చైనా దిక్కుకు వెళ్ళే సరుకు దాదాపు అంతా మలక్కా జలసంధి, సింగపూర్ జలసంధి అనే రెండు ఇరుకు సందుల్లోంచే పోవాలి. ఆసియాలో ఓడల మీద దొంగతనాలు ఎక్కువగా జరిగే చోటు కూడా అదే.

ఈ దొంగతనాలను అడ్డుకోవడానికి ఆసియాలో ప్రభుత్వాలు ప్రభుత్వాలతో కుదుర్చుకున్న మొదటి ప్రాంతీయ ఒప్పందం పేరు రీక్యాప్. 2004 నవంబర్ 11న టోక్యోలో దీని పాఠం ఖరారైంది. 2006 సెప్టెంబర్ 4 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది నవంబర్‌లో సింగపూర్‌లో సమాచార కేంద్రం మొదలైంది. ఇండియా మొదటి నుంచీ ఇందులో సభ్య దేశం.

22 కిలోమీటర్ల గీత

ఒప్పందం పూర్తి పేరులో ‘పైరసీ’, ‘ఓడల మీద సాయుధ దోపిడీ’ అని రెండు మాటలు విడివిడిగా ఉంటాయి. ఒకే నేరానికి రెండు పేర్లు ఎందుకు అనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు, ఉన్న నీళ్ళు ఆ దేశానివే. అక్కడ జరిగిన దోపిడీ ఆ దేశపు నేరం. గుంటూరు బస్టాండ్‌లో జేబు కొట్టినట్టే. కేసు పెట్టాల్సింది, పట్టుకోవాల్సింది ఆ దేశపు పోలీసులే, ఇంకొకరు వేలు పెట్టడానికి వీల్లేదు. దీన్ని ‘సాయుధ దోపిడీ’ అంటారు. ఆ గీత దాటాక జరిగితేనే, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం, అది పైరసీ. పైరేట్‌ను ఏ దేశం నేవీ అయినా పట్టుకోవచ్చు, ఏ దేశం కోర్టు అయినా విచారించవచ్చు. ఒక ఓడ మీద నుంచి ఇంకో ఓడ మీద దాడి జరగాలి, స్వంత లాభం కోసం జరగాలి అనే షరతులు కూడా ఉన్నాయి.

కాగితం మీద ఇది సరిగ్గానే ఉంది. మ్యాప్ ముందు పెట్టుకుంటే లోపం తెలుస్తుంది. సింగపూర్ జలసంధిలో ఫిలిప్ ఛానల్ అనే చోట వెడల్పు మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువే. ఒక పక్క సింగపూర్, ఇంకో పక్క ఇండోనేసియా దీవులు, పైన మలేసియా. ఒక దేశం నీళ్ళల్లో ఓడెక్కి, ఇంజిన్ సామాన్లు మూట కట్టుకుని, చిన్న మోటారు పడవలో నిమిషాల మీద ఇంకో దేశం నీళ్ళల్లోకి జారుకోవచ్చు. వెంటపడిన పోలీసు పడవ హద్దు దగ్గర ఆగిపోవాల్సిందే. ఆ గీత దాటితే దొంగల్ని పట్టడం కాదు, పక్క దేశంలోకి చొరబడినట్టు లెక్క.

కాబట్టి హద్దు ఇవతలి పోలీసు చేయగలిగింది ఒక్కటే. అవతలి పోలీసుకు వెంటనే కబురు పెట్టడం. రీక్యాప్ చేసే పనంతా ఇంచుమించు ఇదే. దానికి సొంత ఓడలు లేవు, సైన్యం లేదు. ఎవర్నీ అరెస్టు చేసే అధికారం కూడా లేదు.

ఒక జపాన్ ఓడ, ఇండియా కోర్టు

ఈ ఒప్పందం వెనక చాలా సంఘటనలున్నాయి కానీ అందరూ చెప్పుకునేది ఒకటి. 1999 అక్టోబర్‌లో ‘అలోండ్రా రెయిన్‌బో’ అనే ఓడ ఇండోనేసియాలోని కువాలా తంజుంగ్ నుంచి సుమారు 7,000 టన్నుల అల్యూమినియం దిమ్మెలతో జపాన్‌కు బయల్దేరింది. ఓనర్లు జపాన్‌వాళ్ళు, జెండా పనామాది. బయల్దేరిన కాసేపటికే దొంగలు ఎక్కేశారు. 17 మంది సిబ్బందిని కొన్నాళ్ళు బంధించి, తర్వాత గాలి నింపిన రాఫ్ట్‌లో ఎక్కించి నడి సముద్రంలో వదిలేశారు. పది రోజులు ఆ రాఫ్ట్ మీదే ఉన్నారు. థాయ్ చేపల పడవ ఒకటి చూసి ఫుకెట్ దగ్గర వాళ్ళను కాపాడింది.

దొంగలు ఓడ పేరు చెరిపేసి ‘మెగా రామా’ అని రాసుకున్నారు. సరుకులో కొంత దారిలోనే వేరే ఓడకు ఎక్కించి అమ్మేశారు. మిగిలిన దానితో అరేబియా సముద్రం వైపు వచ్చారు. కువాలాలంపూర్‌లోని పైరసీ రిపోర్టింగ్ సెంటర్ నుంచి కబురు అందడంతో ఇండియన్ కోస్ట్‌గార్డ్ విమానం వెతికి గుర్తుపట్టింది. కోస్ట్‌గార్డ్ నౌక ‘తారాబాయి’ వెంటపడింది. చివరికి నేవీ నౌక ‘ప్రహార్’ నవంబర్ 16న దాన్ని ఆపింది. దొంగలు ఓడకు నిప్పు పెట్టి, ముంచేయడానికి కూడా చూశారు. ఇండోనేసియా నీళ్ళల్లో పోయిన ఓడ, థాయ్ పడవ చూసిన మనుషులు, మలేసియా నుంచి కబురు, ఇండియా చేతికి చిక్కిన దొంగలు. ఇందులో ఏ ఒక్క కొస తెగినా ఆ ఓడ దొరికేది కాదు.

కేసు ముంబైలో నడిచింది. 2003లో సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2005లో బాంబే హైకోర్టు వాళ్ళను వదిలేసింది. ఎందుకంటే అప్పటికి ఇండియాలో పైరసీ అనే నేరానికి ప్రత్యేకంగా చట్టమే లేదు. మామూలు దొంగతనం, దోపిడీ సెక్షన్లతో లాక్కొచ్చారు కానీ, పరాయి నీళ్ళల్లో, పరాయి ఓడ మీద, పరాయి దేశస్థులు చేసిన నేరం ఆ సెక్షన్లలో ఇమడలేదు. నడి సముద్రంలో అంత కష్టపడి పట్టుకున్నవాళ్ళు కోర్టులోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఈ లోపం సరిదిద్దుకోవడానికి మన దేశానికి ఇంకో 17 ఏళ్ళు పట్టింది. ఆ సంగతి కిందకు వస్తుంది.

కబురు ఎలా నడుస్తుంది

అలోండ్రా రెయిన్‌బో దెబ్బ తగిలింది జపాన్‌కు. అందుకే ఒప్పందానికి చొరవ కూడా జపాన్‌దే. ఆగ్నేయాసియా దేశాలు పది, వాటితో పాటు చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఇండియా, బంగ్లాదేశ్, శ్రీలంక, మొత్తం 16 దేశాలు కూర్చుని పాఠం రాసుకున్నాయి. తర్వాత బయటి దేశాలూ చేరాయి. 2009లో నార్వే, ఆపై నెదర్లాండ్స్, డెన్మార్క్, బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా వచ్చాయి. 2021లో జర్మనీ రావడంతో సంఖ్య 21 అయింది. ఇంత దూరపు దేశాలకు ఇక్కడేం పని అంటే, ఓడలు వాళ్ళవి, ఇన్సూరెన్స్ వాళ్ళది.

ప్రతి సభ్య దేశం ఒక ఆఫీసును ‘ఫోకల్ పాయింట్’గా పెట్టుకోవాలి. మన దేశానికి ఆ బాధ్యత ఇండియన్ కోస్ట్‌గార్డ్‌ది. ఓడ మీద దాడి జరిగితే కెప్టెన్ దగ్గర్లోని తీర దేశానికి చెప్పాలి. ఆ దేశపు ఫోకల్ పాయింట్ ఒక పక్క సొంత పోలీసును, కోస్ట్‌గార్డ్‌ను కదిలిస్తూనే, ఇంకో పక్క సింగపూర్ కేంద్రానికి, చుట్టుపక్కల దేశాలకు కబురు పంపాలి. అక్కడి నుంచి ఆ దారిలో వచ్చే మిగతా ఓడలకు హెచ్చరిక వెళ్తుంది. ‘ఫలానా చోట, రాత్రి ఇన్ని గంటలకు, ఇంతమంది, కత్తులతో వచ్చారు’ అని తెలిస్తే వెనక వచ్చే ఓడ లైట్లు వేసుకుని, డెక్ మీద కాపలా పెంచుకుంటుంది. దొంగలు సాధారణంగా అప్రమత్తంగా ఉన్న ఓడ జోలికి పోరు.

ఈ సింగపూర్ కేంద్రానికి 2022లో మన కోస్ట్‌గార్డ్ మాజీ డైరెక్టర్ జనరల్ కృష్ణస్వామి నటరాజన్ అధిపతి అయ్యారు.

కేంద్రం ప్రతి సంఘటనకూ ఒక గ్రేడు ఇస్తుంది. ఎంతమంది వచ్చారు, చేతిలో ఏముంది, సిబ్బందిని కొట్టారా, ఏం పోయింది అన్నవి చూసి 1 నుంచి 4 వరకు వేస్తారు. 1 అంటే చాలా తీవ్రం. 4 అంటే ఏమీ పోలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఈ గ్రేడుల వల్ల ఒక లాభం ఉంది. పెయింట్ డబ్బా పోయినా, ఓడంతా హైజాక్ అయినా టీవీలో ‘పైరేట్ల దాడి’ అనే వస్తుంది. గ్రేడు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

పాత లెక్కలు చూస్తే 2015లో ఆసియాలో 200కు పైగా సంఘటనలు నమోదయ్యాయి. 2024లో 107. అందులో 62 ఒక్క మలక్కా, సింగపూర్ జలసంధుల్లోనే. 2025 మొదటి ఆరు నెలల్లో ఆ జలసంధుల్లో ఏకంగా 80కి పెరిగాయి, అంతకు ముందు ఏడాది అదే కాలంలో 21 మాత్రమే. ఎక్కువగా రాత్రిపూట, నెమ్మదిగా పోయే, డెక్ నీటికి దగ్గరగా ఉండే బల్క్ ఓడల మీద. పోయేవి ఇంజిన్ విడిభాగాలు.

సభలో లేని ఇద్దరు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ జలసంధికి రెండు ఒడ్డులూ ఎవరివి? ఇండోనేసియా, మలేసియా. ఒప్పందం పాఠం రాసేటప్పుడు ఆ రెండూ ఉన్నాయి, సభ్యులుగా మాత్రం చేరలేదు. తమ నీళ్ళ మీద తమ పెత్తనం తగ్గుతుందేమో అన్న అనుమానం ముఖ్యమైన కారణం. కేంద్రం సింగపూర్‌కు పోవడం కూడా నచ్చలేదంటారు. కువాలాలంపూర్‌లో 1992 నుంచీ అంతర్జాతీయ వర్తక మండలి వాళ్ళ పైరసీ రిపోర్టింగ్ సెంటర్ ఉండనే ఉంది.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2004 జులైలోనే ఇండోనేసియా, మలేసియా, సింగపూర్ కలిసి మలక్కా జలసంధిలో గస్తీ మొదలుపెట్టాయి. 2005లో విమానాలతో నిఘా వచ్చింది, 2008లో థాయ్‌లాండ్ చేరింది. ఇవి కూడా ‘ఎవరి నీళ్ళల్లో వాళ్ళు’ అన్న పద్ధతిలోనే. ఒకే వేళకు, ఒకరికొకరు చెప్పుకుని తిరుగుతారు. ఫలితం మార్కెట్‌లో కనిపించింది. 2005 జూన్‌లో లండన్ ఇన్సూరెన్స్‌వాళ్ళు మలక్కాను యుద్ధ ప్రమాదం ఉన్న చోట్ల జాబితాలో పెట్టారు. అంటే అక్కడ తిరిగే ఓడలకు అదనపు ప్రీమియం. 2006 ఆగస్టులో తీసేశారు.

2025లో కేసులు విపరీతంగా పెరిగినప్పుడు కూడా ఊపిరి పోసింది సభ్య దేశం కాదు. జులైలో ఇండోనేసియా పోలీసులు ఒడ్డు మీద ముఠాలను పట్టుకున్నాకే సంఘటనలు తగ్గుముఖం పట్టాయి. సింగపూర్ కంప్యూటర్‌లో ఎంత చక్కటి సమాచారం ఉన్నా, దొంగ పడవ కట్టేసే ఊళ్ళో పోలీసు తలుపు తట్టకపోతే లాభం లేదు. ఈ ఒప్పందం బలం ఏమిటో, బలహీనత ఏమిటో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇంకో బలహీనత ఓడ కంపెనీలది. చిన్న దొంగతనమైతే కొందరు రిపోర్టే చేయరు. రిపోర్టు చేస్తే విచారణ పేరుతో ఓడ ఆగుతుంది, ఆగిన ప్రతి రోజుకూ అద్దె పడుతుంది. పోయిన తాడు ఖరీదు కంటే ఆగిన రోజు ఖర్చు ఎక్కువ. వ్యాపారి లెక్క వ్యాపారిది. కానీ చెప్పని ప్రతి దొంగతనం వెనక వచ్చే ఓడకు అందని హెచ్చరిక.

మన తీరం సంగతి

ఈ దొంగతనాలు ఎక్కడో సింగపూర్‌లో జరిగేవి అనుకోవడానికి లేదు. రీక్యాప్ నివేదికల్లో కాకినాడ, విశాఖపట్నం పేర్లూ కనిపిస్తాయి. కాకినాడలో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి నిలబడతాయి, బియ్యం లాంటి సరుకు బార్జీల మీద వెళ్ళి ఎక్కుతుంది. అలా రోజుల తరబడి నిలబడ్డ ఓడ దగ్గరికి రాత్రి చిన్న పడవలో వచ్చి, లంగరు గొలుసు పట్టుకునో కొక్కెం తాడు విసిరో ఎక్కుతారు. తాళ్ళు, పెయింట్ డబ్బాలు, ఫైర్ పైపులకుండే ఇత్తడి బిగింపులు పట్టుకుపోతారు. ఇనప సామాన్ల కొట్లో అమ్ముకునే సరుకు. సినిమాల్లో చూపించే పైరేట్‌కూ ఈ దొంగకూ పోలికే లేదు. అయినా అంతర్జాతీయ లెక్కలో ఇది ‘ఓడ మీద సాయుధ దోపిడీ’గానే చేరుతుంది, ఆ రేవు పేరు ప్రపంచంలో ఓడల కంపెనీలన్నీ చదువుతాయి.

2008 ముంబై దాడుల తర్వాత తీర భద్రత మీద దృష్టి పెరిగింది. మన వైపు సూర్యలంక లాంటి చోట్ల మెరైన్ పోలీస్ స్టేషన్లు అందులో భాగమే. 12 నాటికల్ మైళ్ళ లోపల జరిగే ఏ నేరమైనా చివరికి చేరాల్సింది వీళ్ళ దగ్గరికే.

సముద్ర వ్యాపారికి ప్రభుత్వం హామీ ఇవ్వడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. చినగంజాం మండలం మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, 2022 వరకు ప్రకాశం జిల్లానే. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు మొత్తం లాగేసుకునేవాళ్ళు. ఇకపై అలా జరగదు, మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోం అని పరదేశాల వర్తకులకు ఆ శాసనం మాట ఇచ్చింది. 1358లో రెడ్డి రాజు అనపోత రెడ్డి కూడా అక్కడే అలాంటి హామీ ఇచ్చాడు. ఆ రోజుల్లో వ్యాపారి భయపడింది దొంగకు మాత్రమే కాదు, రాజుకు కూడా అని ఆ రాయి చూస్తే తెలుస్తుంది.

పడమటి సముద్రం వేరే కథ

రీక్యాప్ పరిధి ఆసియా. గల్ఫ్ ఆఫ్ ఏడెన్, సోమాలియా తీరం వేరు. అక్కడ 2009 జనవరి నాటి జిబూటీ ఒప్పందం ఉంది, అనేక దేశాల నేవీలు తిరుగుతుంటాయి. తేడా ఏమిటంటే, తూర్పున దొంగకు సామాను కావాలి, పడమట దొంగకు మనిషి కావాలి. ఓడనూ మనుషులనూ పట్టుకుని డబ్బు అడుగుతారు.

అది ఎంత దూరం పోతుందో ‘అస్ఫాల్ట్ వెంచర్’ చెబుతుంది. 2010 సెప్టెంబర్‌లో హైజాకైన ఈ ఓడలో 15 మంది భారతీయులు ఉన్నారు. 2011 ఏప్రిల్‌లో డబ్బు ముట్టాక ఎనిమిది మందిని, ఓడను వదిలి, ఏడుగురిని ఆపేసుకున్నారు. ఇండియా జైళ్ళలో ఉన్న తమవాళ్ళను వదిలితేనే వీళ్ళను వదులుతామన్నారు. ఆ ఏడుగురు ఇంటి మొహం పట్టింది 2014 అక్టోబర్ చివర్లో. నాలుగేళ్ళు.

2024లో బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ అబ్దుల్లా’ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొజాంబిక్ నుంచి బొగ్గుతో దుబాయ్ వైపు వెళ్తుంటే మార్చి 12న, రంజాన్ మొదలైన రోజుల్లో, సోమాలియా దొంగలు పట్టుకున్నారు. 23 మంది సిబ్బంది నెలంతా వాళ్ళ చెరలోనే ఉపవాసాలున్నారు. ఈద్ నమాజ్ కూడా ఓడ డెక్ మీదే చేశారు, ఆ ఫోటో బంగ్లాదేశ్ అంతా తిరిగింది. ఏప్రిల్ 14న విడుదలయ్యారు. అదే కంపెనీ ఓడ ‘జహాన్ మోని’ 2010లో పట్టుబడినప్పుడు సుమారు వంద రోజులు పట్టింది.

అదే 2024 జనవరి చివర్లో మన నేవీ నౌక ‘సుమిత్ర’ రెండు రోజుల్లో రెండు చేపల పడవలను విడిపించింది. మొదటిది ఇరాన్ పడవ ‘ఇమాన్’. రెండోది ‘అల్ నయీమీ’, దాంట్లో ఉన్న 19 మందీ పాకిస్తానీలు. టీవీ చర్చల్లో రెండు దేశాలు ఎలా మాట్లాడుకున్నా, సముద్రంలో రూలు ఇదే. ఆపదలో ఉన్నవాడి పాస్‌పోర్టు చూడరు.

మార్చి 16న ఇంకో పెద్ద పని జరిగింది. 2023 డిసెంబర్‌లో హైజాకైన ‘రూయెన్’ ఓడను దాదాపు 40 గంటల పాటు వెంటాడి, ‘ఐఎన్ఎస్ కోల్‌కతా’, విమానంలోంచి దిగిన మార్కోస్ కమాండోలు కలిసి లొంగదీశారు. 17 మంది సిబ్బంది క్షేమం. 35 మంది దొంగలను ముంబై తీసుకొచ్చి మార్చి 23న పోలీసులకు అప్పజెప్పారు. ఈసారి కోర్టుకు వెళ్ళడానికి చేతిలో చట్టం ఉంది. 2022 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన మారిటైమ్ యాంటీ పైరసీ చట్టం ప్రకారం పైరసీకి యావజ్జీవం వరకు, దాడిలో ప్రాణం పోతే మరణశిక్ష వరకు వేయొచ్చు. 2005లో ముంబైలోనే చేజారిన కేసుకు ఇది ఆలస్యంగా దొరికిన జవాబు.

మిర్చి ఎగుమతిదారు చూసుకోవాల్సింది

గుంటూరులో చిన్న ఎగుమతిదారులు ఇన్సూరెన్స్ కాగితం మీద ‘కవర్ ఉంది’ అంటే చాలనుకుంటారు. ఏ కవర్ అన్నది ముఖ్యం. సరుకు ఇన్సూరెన్స్‌లో ఎ, బి, సి అని మూడు రకాల క్లాజులున్నాయి. పైరసీ నష్టం ‘ఎ’ క్లాజులోనే కవర్ అవుతుంది. బి, సి లలో కాదు. ఇక్కడే ఒక మెలిక. సీఐఎఫ్ పద్ధతిలో అమ్మితే ఇన్సూరెన్స్ తీసుకోవాల్సింది అమ్మేవాడు, కానీ 2020 ఇన్‌కోటర్మ్స్ ప్రకారం కనీసం ‘సి’ క్లాజు తీసుకుంటే చాలు. ప్రీమియం తక్కువ కదా అని చాలామంది అక్కడే ఆగుతారు. సరుకు ఓడెక్కిన దగ్గర్నుంచి రిస్కు కొన్నవాడిదే నిజమే, కానీ అప్పు మీద పంపినప్పుడు సరుకు చేరకపోతే డబ్బు వసూలు ఎంత సులభమో యార్డులో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇంకోటి ‘జనరల్ యావరేజ్’. ఓడనూ సరుకునూ కాపాడటానికి చేసిన అసాధారణ ఖర్చును ఓడ ఓనరు, సరుకు ఓనర్లు అందరూ వాటాల ప్రకారం పంచుకోవాలన్న పాత సముద్ర న్యాయం ఇది. దొంగలకిచ్చిన డబ్బూ ఇందులోకి వస్తుంది. 2009లో హైజాకైన ‘లాంగ్‌చాంప్’ ఓడ కేసులో, బేరం జరిగిన రోజుల్లో సిబ్బంది జీతాలు, ఇంధనం ఖర్చు కూడా పంచుకోవాల్సిందేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో తీర్పిచ్చింది. అంటే మీ కంటైనర్ క్షేమంగా ఉన్నా, వాటా కట్టే దాకా చేతికి రాకపోవచ్చు. ఇన్సూరెన్స్ లేనివాడు సొంత జేబులోంచి కట్టాలి.

బిడ్డ ఓడెక్కే ఇంట్లో

కోస్తా జిల్లాల నుంచి మర్చంట్ నేవీకి, గల్ఫ్‌లో టగ్గులకూ డౌలకూ వెళ్ళే అబ్బాయిల సంఖ్య తక్కువేం కాదు. కుటుంబం తెలుసుకోవాల్సిన ముఖ్యమైన నియమం జీతం గురించి. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందానికి 2018లో చేసిన సవరణ 2020 డిసెంబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఇండియా కూడా ఆ ఒప్పందంలో ఉంది. దాని ప్రకారం పైరసీ వల్లో సాయుధ దోపిడీ వల్లో సిబ్బంది బందీ అయితే, కాంట్రాక్టు గడువు ముగిసినా సరే ఉద్యోగం కొనసాగుతున్నట్టే లెక్క. విడుదలై ఇంటికి పంపే వరకు జీతం ఇవ్వాలి, ఇంటికి పంపే నెలవారీ డబ్బు కూడా ఆగకూడదు. ‘పని చేయట్లేదు కాబట్టి జీతం లేదు’ అని కంపెనీ అంటే అది చెల్లదు.

ఇదంతా అసలైన కాంట్రాక్టు ఉన్నవాళ్ళకు. ఏజెంటుకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు ఉద్యోగం ఇప్పించినందుకు అబ్బాయి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగి, విజిటింగ్ వీసా మీద ఎక్కిస్తానన్నాడంటే అక్కడే ఆగడం మంచిది. అలా వెళ్ళిన అబ్బాయికి ఆపద వస్తే అతను ఆ ఓడలో ఉన్నాడని నిరూపించే కాగితమే ఉండదు.

బయల్దేరే ముందు పాస్‌పోర్టు, సీడీసీ, సంతకాలైన ఉద్యోగ ఒప్పందం కాపీలు ఇంట్లో ఉంచుకోవాలి. ఓడ పేరుతో పాటు దాని ఐఎంఓ నంబరు కూడా రాసి పెట్టుకోవాలి. ఏడంకెల ఆ నంబరు ఓడ పుట్టినప్పటి నుంచి తుక్కులోకి పోయే దాకా మారదు. అలోండ్రా రెయిన్‌బోను మెగా రామాగా మార్చినట్టు పేరు మార్చవచ్చు, జెండా మార్చవచ్చు, నంబరు మాత్రం అదే. సముద్రంలో ఆపద అయితే కోస్ట్‌గార్డ్ ఉచిత నంబరు 1554, తీరంలో అనుమానంగా ఏదైనా కనిపిస్తే మెరైన్ పోలీసుకు 1093.